మూడో చాబి

డిసెంబరు ఎనిమిది, సోమవారం, పగలు పదకొండు గంటల నలభై నిమిషాలు. చాబిలు చేసే ఆనందం దుకాణంల గోడ గడియారం చూసి చెప్తున్న. ఆ నిమిషాన నేను మిమ్మల్ని మొదటిసారి అనుమానించిన. నలభై ఒక్క ఏండ్ల కాపురంల చెయ్యని పని, మీ సంవత్సరీకం అయిపోయినంక చేసిన. అది కూడ ఎక్కడ? కోరుట్ల బజారు నడుమ, మన బండిలనే కూసోని, ఒళ్ళె కూరగాయల సంచి పెట్టుకోని.

మీరు అట్ల నవ్వకుండ్రి. ఫోటో తీసేటాయన నవ్వుమంటె నవ్వినరు, సరే. ఏడాది సంది అదే నవ్వు. నేను అడిగేది మాత్రం నవ్వులాట కాదు.

కారు బండి కొన్ననాడు రెండు చాబిలు ఇచ్చిండ్రు. ఒకటి మీకు, ఒకటి నాకు. అవునా? మీ నాయిన చేతికర్ర ఏ సంతల కొన్నడో, మీ చెల్లె పెండ్లిల ఎవరు అలిగి విస్తరి ముంగట నుంచి లేచిపోయిండ్రో, అన్నీ నన్నే కదా అడుగుతరు ఈ వంశంల. గసొంటి నాకు, మన బండికి మూడు చాబిలున్నయని ఒక మిషన్ చెప్పాలెనా?

ఆగుండ్రి, మొదటి నుంచి చెప్త. నడిమిట్ల నుంచి చెప్తె మీకు నచ్చదు.

ఏడాది గుట్ట ఎక్కలేదు కదా, ఇగ కొండగట్టు పోదామనుకున్నం. అంజన్నకు మొక్కు ఉన్నది. సుస్మిత, ‘బండి నేను నడుపుత అమ్మా’ అన్నది. అల్లుడు మస్కట్ నుంచి వచ్చేదాక మీ బిడ్డ ఈడనే ఉంటది, జగిత్యాల బ్యాంకుకు బస్సుల పోయి వస్తది. నిలబడి నిలబడి కాళ్ళు పోయి, ఆఖరుకు డ్రైవింగు నేర్చుకున్నది. లైసెన్సు కూడ వచ్చింది. ‘ఇద్దరి దగ్గర ఒక్కొక్కటి ఉండాలె, నీ రిమోట్ ఏది?’ అని అడిగింది.

నా రిమోట్.

దాని సంగతి మీకు కూడ సగమే చెప్పిన. సెల్లు అయిపోయిందన్న అప్పుడు. సెల్లు కాదు. మీరు పోకముందటి దసరాకు బండి పూజ చేసిన కదా. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, ముంగటి అద్దానికి పసుపు కుంకుమ పెట్టి. చాబి దేవుని ముంగట పెట్టుమన్నరు మీరు. ఉట్టిగ పెడితె ఏం పూజ అనిపించింది. రాగి పళ్ళెంల పెట్టి పంచామృతాలతోని అభిషేకం చేసిన. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, చక్కెర. ఆఖరుకు పసుపు నీళ్ళు. మంత్రంల ఒక్క అక్షరం తప్పు పోలే. చాబి మాత్రం ఆనాటి నుంచి పలుకలే.

నిన్న ఆనందం దాన్ని విప్పి చూపెట్టిండు. తేనె లోపట గట్టిపడ్డది. రెండు చీమలు కూడ ఉన్నయి, ఎండిపోయి. ‘ఏం పోసిండ్రమ్మా ఇండ్ల?’ అన్నడు. ‘తీర్థం’ అన్న. పాపం, మూత పెట్టిండు.

సుస్మిత ముందు షోరూముల అడిగింది. వాళ్ళు చెప్పిన ధర విని ఫోన్ల వెతికింది. నాలుగు రోజులకు డబ్బా వచ్చింది. చూస్తె అచ్చం మనదే. అదే నలుపు, అవే మూడు గుండీలు. నొక్కితె ఎర్ర లైటు కూడ వెలుగుతది. ఇగ మిల్లు షెడ్డుకు పోయినం.

అవును, బండి ఇంకా బస్టాండు వెనుక రైస్‌మిల్లు షెడ్డులనే ఉన్నది. మన గల్లిల పట్టదు కదా. కాపలా పెంటయ్యనే. మీరు పోయిన నుంచి ఆ బండిని ఎవ్వరం ముట్టలే. సుస్మిత ముందే చెప్పింది, ‘ఏడాది ఆగిన బండి అమ్మా, బ్యాటరీ చచ్చిపోయి ఉంటది, మెకానిక్‌ను తీస్కపోదాం’ అని. నేను అంజన్నను తలుచుకోని, నాయిన చాబి పెట్టి ఒకసారి తిప్పి చూడు బిడ్డా అన్న.

ఒక్క తిప్పుకు స్టార్ట్ అయింది.

టైర్లల గాలి ఉన్నది. మీద ఇంతన్న దుమ్ము లేదు. బండి దిగి, మిల్లు దుమ్ముల, నేలకు మొక్కిన. పెంటయ్య కూడ తువ్వాల తీసి దండం పెట్టిండు. ఆ వారంల ముప్పై ఇండ్లకు చెప్పిన ఆ మహిమ. భజన మండలిల మైకుల చెప్పిన. ఇద్దరు ముగ్గురు ఏడ్చిండ్రు కూడ.

ఆ మహిమ సంగతి తర్వాత. ముందు రిమోట్ ముచ్చట కానియ్యుండ్రి.

తలుపు తీసుడు అయితలేదు కొత్తదానితోని. సుస్మిత ఫోన్ల వీడియో పెట్టింది. తలుపులన్నీ మూసి, పాత చాబి పెట్టి, పది సెకండ్లల ఐదుసార్లు తిప్పి తీసి, ఆఖరుసారి కొత్తదాని గుండీ నొక్కి పట్టాలెనంట. ఆమె తిప్పుతున్నది, నేను లెక్కపెడుతున్న. నాకైతె తెలిసిన పనే అనిపించింది, ప్రదక్షిణలు లెక్కపెట్టినట్టే. నాలుగు అనంగ పెంటయ్య వచ్చి అద్దం కొట్టి, ‘ఏం పూజ దొరసానీ?’ అన్నడు. లెక్క తప్పింది. మళ్ళ మొదటి నుంచి. పదకొండుసార్లు చేసినం. బండి దయ చూపలే.

గందుకే సుస్మిత రెండు రోజులు సెలవు పెట్టింది, నిన్న ఆనందం దగ్గరికి పోయినం. ఎరికే కదా, బస్టాండు ఎదురుంగ గడియారాలు బాగుచేసేటోడు. గడియారాల పని పోయింది, ఇప్పుడు బండ్ల చాబిలు చేస్తడు. మేం ఫోన్ల కొన్న రిమోట్‌ను ఒక చిన్న డబ్బా ముంగట పెట్టి గుండీ నొక్కిండు. ‘ఇది మాట్లాడేది ఒకటమ్మా, మీ బండి వినేది ఇంకోటి. నూరేండ్లు నొక్కినా అర్థం కాదు’ అన్నడు. తన దగ్గర ఉన్నయి రెండు తీసిండు, కంపెనీవి కాదు గని మంచియే. పాత చాబి చూసి వాటికి పళ్ళు కోసిండు.

కోసుడుతోని అయిపోదంట. రిమోట్ తలుపు తీస్తది, లోపటి చిన్న చిప్పు ఇంజన్‌ను లేపుతది. రెండూ బండికి నేర్పాలె. నేర్పకుంటె ఎంత మంచి చాబైనా ఉట్టి పిలాస్టికే. ఇది మాత్రం నాకు నచ్చింది. గురువు లేంది ఏ చదువు వస్తది?

స్టీరింగు కింద ఒక తీగ పెట్టిండు. చేతిల పలక అంత మిషన్. దాన్ని చూసిండు, నన్ను చూసిండు, మళ్ళ దాన్ని చూసిండు.

‘మూడోది తెచ్చిండ్రా అమ్మా?’

‘ఏ మూడోది?’

‘బండి మూడు చాబిలను గుర్తుపడుతున్నది. సార్‌ది ఒకటి ఇగ ఇది. తీర్థం తాగింది ఒకటి. ఇంకోటి ఉండాలె.’

సుస్మిత నా దిక్కు చూసింది. ‘నాయిన ఎవరికిచ్చిండమ్మా?’

అగో, అప్పుడు పదకొండూ నలభై.

చెప్పుండ్రి, నా స్థానంల ఎవరున్నా ఏమనుకుంటరు? మంగళవారం మంగళవారం కొండగట్టు పోతున్న అని పోయేది మీరు. నేను వస్త అంటె, ‘నీకు మోకాళ్ళు నొస్తయి, నీ పేరు మీద నేను మొక్కి వస్త’ అనేది. ప్రసాదం తెచ్చేది, అది నిజమే. కని తెల్లారి నేను షెడ్డుకు పోయి బండిల దేవునికి పువ్వు పెడుతుంటె, నడిపేటోళ్ళ సీటు ఇంత దూరం వెనుకకు జరిగి ఉండేది. మీరు పొట్టి. ఆ సీట్ల కూసుంటె మీకు బ్రేకు అందది. అప్పుడు నాకు తోచలే. నిన్న బజార్ల తోచింది.

ఎవరో గని పొడుగు మనిషి అనుకున్న. మన బంధువులల్ల పొడుగు ఆడోళ్ళు ఎవరెవరని అక్కడనే లెక్కపెట్టిన. మెట్‌పల్లిల ఒకామె ఉన్నది. పేరు చెప్ప, పాపం. రాముని పేరు తలుచుకుంట తలుచుకుంటనే ఆమె ఇంటి దాక పోయి వచ్చిన మనసుల.

ఆనందం గొంతు సవరించుకున్నడు. ‘సార్ చెప్పలేదా అమ్మా? నేనే చేసిచ్చిన. సార్‌ను తమ్ముడు తోలుకొచ్చిండు. ఆ చాబి తమ్ముని కోసమే.’

‘ఏ తమ్ముడు?’

‘సిరిసిల్ల తమ్ముడు. పొడుగుంటడు చూడుండ్రి. సార్‌కు అప్పటికే కండ్లు సక్కగ కనపడకపాయె కదా, మిషన్ మీది అక్షరాలు ఆయననే చదివి చెప్పిండు.’

బాలకిషన్. తొమ్మిదేండ్ల సంది ఆ పేరు ఈ ఇంట్ల నేను ఎవ్వరిని తియ్యనియ్యలే. ఇప్పుడు నేనే తీస్తున్న, వినుండ్రి. మీ తమ్ముడు బాలకిషన్.

కండ్ల సంగతి నాకు తెల్వదని ఆనందం ముంగట ఎట్లంట? ‘ఆ, అవును’ అన్న. తెలిసినట్టే తల ఊపిన.

మీరు పొద్దున పేపరు నాకిచ్చి, ‘నువ్వు చదువు ఊర్మిళా, నీ నోట వింటె మంచిగుంటది’ అనేది. రెండేండ్లు చదివిన. ముసలితనంల ప్రేమ పెరిగిందని మురిసిన. మా ఆయన అరవై ఏడేండ్లకు అద్దాలు లేకుంట బండి నడుపుతడని పేరంటాలల్ల చెప్పుకున్న. షుగరు కండ్లకు ఎక్కిందని, అక్షరం కనపడుతలేదని, ఒక్క మాట నాకు చెప్తె ఏం పోయేది? బండి బందు పెట్టిస్తుంటి, అంతేనా? పెట్టిస్తుంటి, నిజమే. గుట్టకు ఎవరు తీస్కపోతరు అంటె, ఎవరో డ్రైవర్‌ను పెట్టుకుందాం, ఆ సిరిసిల్లాయనను మాత్రం గడప తొక్కనియ్య అంటుంటి. అది కూడ నిజమే.

ఆనందం అన్నడు కదా, ‘ఫోన్ చెయ్యుండ్రమ్మా. ఈ బండి పద్ధతి గిట్లనే. కొత్తవి నేర్పాలంటె పాతవన్నీ ఒకసారి మర్చిపోతది. ఎదురుంగ ఉన్నవాటినే మళ్ళ నేర్చుకుంటది. రాని చాబి ఇగ పనికి రాదు. సిరిసిల్ల ఎంత, రెండు గంటల్ల వస్తడు. అప్పటిదాక నేను ఆగుత.’

సుస్మిత ఫోన్ చేతిల పట్టుకోని ఉన్నది. ‘బాబాయి నంబరు నా దగ్గర ఉన్నదమ్మా. చెయ్యనా?’

మీ బిడ్డ దగ్గర నంబరు ఉన్నది. ఇంట్ల అందరి దగ్గర ఏదో ఒకటి ఉన్నది, నా దగ్గరనే ఏమీ లేదు.

‘వద్దు’ అన్న. ‘తీసెయ్యి ఆనందం. రానిది పోనీ.’

‘ఒక్కసారి ఆలోచించుండ్రి.’

‘తీసెయ్యి నాయినా, ఎండ అయితున్నది.’ డిసెంబర్ల ఎండ అన్న చూడుండ్రి.

రెండు నిమిషాలు పట్టింది. మిషన్ రెండుసార్లు కూసింది. మీ చాబి, కొత్తవి రెండు, అన్నీ పలికినయి. బండి మీ తమ్మున్ని మర్చిపోయింది. నాకు తొమ్మిదేండ్ల సంది కాలే, దానికి రెండు నిమిషాలు.

తిరిగి షెడ్డుకు పోయినంక పెంటయ్యను అడిగిన, మెల్లగనే. ‘బాలకిషన్ ఎప్పుడన్న వచ్చిండా ఈ దిక్కు?’

‘ఎప్పుడన్న ఏంది దొరసానీ? మంగళవారం మంగళవారం వస్తడు, సిరిసిల్ల మొదటి బస్సుకు. దొర ఉన్ననాడు బండి తీసి మీ గల్లి మూల మీద ఆపేది. దొర ఈడిదాక నడవలేకపోయేది కదా, చూపు లేక. ఆయననే గుట్టకు తోలేది, ఆయననే తెచ్చి పెట్టేది.’

‘దొర పోయినంక?’

‘పోయినంక కూడ. బండి ఊకె ఉంటె పాడైతదని పావుగంట స్టార్ట్ చేసి ఉంచుతడు. గాలి చూస్తడు. తుడుస్తడు. మళ్ళ బస్సుకు పోతడు. ఒక్క వారం తప్పలే.’

‘నాకెందుకు చెప్పలే?’

‘మీరే పంపుతున్నరనుకున్న.’

‘మరి నేను మొక్కుతుంటె నువ్వు ఎందుకు మొక్కినవు?’

‘దొరసాని నేల మీద సాగిలపడంగ నేను నిలబడి చూస్తె బాగుంటదా?’

అంజన్న మహిమ అని మైకుల చెప్పిన కదా. ఇగ ఆ ముప్పై ఇండ్లకు మళ్ళ ఎట్ల పోవాలె? పోను. మహిమ మహిమనే. ఎవరి చేతులతోని చేయించిండో మాత్రం తెలిసింది.

ఇంటికి వచ్చి అన్నం తిన్న. తినలేదనుకుంటున్నరా? రెండు ముద్దలు ఎక్కువనే తిన్న. తిని, గిన్నెలు తోమి, మీ ముంగట కూసున్న. ఎందుకు తీసెయ్యమన్ననో మీకు తెలుసు. కోపం కాదు. కోపం ఎప్పుడో అయిపోయింది, మాట ఒక్కటే మిగిలింది. చాబి పట్టుకోని ఆయన వస్తె ఆయన మొఖం చూడాలె. గది నాతోని కాదు.

ఇప్పుడు నేనే నోరు తెరిచి చెప్త. మీకు కొత్త సంగతి కాదు, కని నా నోటితోని చెప్పాలె.

అత్తమ్మ సంవత్సరీకం నాడు, సిరిసిల్లల, అన్నాల బంతి మీద కూసున్నప్పుడు మీ కరీంనగర్ పెద్దమ్మ అడిగింది. ‘పెద్ద కొడుకు ఉండంగ ఆమె ఆఖరు ఎనిమిది నెలలు చిన్నోని ఇంట్ల ఎందుకున్నది?’ అని. నేను ఏం చెప్పుకుంట తిరిగిన ఈ తొమ్మిదేండ్లు? బాలకిషన్ నలుగుర్ల లేచి, ‘వదినె అమ్మకు పథ్యం వండలేనన్నది, గందుకే నేను తెచ్చుకున్న’ అన్నడని. నా పరువు తీసిండని. ఎంతమందికి చెప్పిన? ప్రతి పెండ్లిల చెప్పిన. ఆయన ఏ చెయ్యి ఊపి అన్నడో, ఏ రంగు అంగీ తొడుక్కున్నడో కూడ చెప్పిన.

ఆయన ఆ మాట అనలే.

ఆయన అన్నది, ‘అమ్మకు ఈడి నీళ్ళు పడ్డయి పెద్దమ్మా’ అని. గంతే. పెద్దమ్మ నా దిక్కు చూసింది, నాకు తట్టుకోబుద్ధి కాలే. ‘నామీద చెప్పిందంతా చెప్పి, ఇప్పుడు నీళ్ళ మీద పెడుతున్నవా బాలకిషన్?’ అని లేచిన. ఎక్కడ చెప్పిండు, ఎవరికి చెప్పిండు? ఎవ్వరికి చెప్పలే. పథ్యం వండలేనన్నది నేను. మీ చిన్న కొడుకు దగ్గరికి పోయి ఉండుండ్రి అత్తమ్మా అన్నది నేను. వంటింట్ల, మెల్లగ, ఎవ్వరు వినకుంట. ఆమె చీరెలు నేనే సర్దిన.

చెప్పంగ చెప్పంగ నాకే నిజమనిపించింది. ఆయన మూతి మీది మీసం కదిలినట్టు కూడ యాదికుంటది. ఇప్పటికీ.

మీరు ఆ బంతిల నా పక్కనే కూసున్నరు. అంతా విన్నరు. ఒక్కనాడన్న, ‘అబద్ధం ఊర్మిళా’ అనలే మీరు. నన్ను ఒక్క మాట అనకుంట, పోయి ఇంకో చాబి చేయించిండ్రు.

ఇగ ఇయ్యాల పొద్దున సంగతి.

మంగళవారం కదా. తెల్లారక ముందే స్నానం చేసి పులిహోర కలిపిన. సుస్మితను లేపి ఏడున్నరకు మిల్లుకు తీస్కపోయిన. వడ్ల బస్తాల వెనుక నిలబడ్డం. ‘ఇట్ల దాక్కునుడు ఏందమ్మా?’ అన్నది. ఊకో అన్న.

వచ్చిండు. సన్నబడ్డడు. స్వెటరు మీద మఫ్లరు, చేతిల తుడిచే బట్ట. బండి ముంగట నిలబడి రిమోట్ నొక్కిండు. పలుకలే. మళ్ళ నొక్కిండు. దగ్గరికి పోయి నొక్కిండు. చాబిని స్వెటరుకు తుడిచి నొక్కిండు. ఇగ చాబి దించిండు. బండిని కాదు, దూరంగ మన గల్లి దిక్కు చూసిండు. అర్థమైందనుకుంట.

నా చెయ్యి కొంగులనే ఉన్నది. కొత్త రిమోట్ నొక్కిన.

బండి లైట్లు వెలిగినయి. పాపం, తన చాబియే పని చేసిందనుకున్నడు. మొఖం ఎట్ల తేటపడ్డదంటె, నేను చూడకుంటె మంచిగుండు. తలుపు తీసి కూసోని తిప్పిండు. ఇంజన్ లేచి ఆగిపోయింది. మళ్ళ తిప్పిండు. ఆగిపోయింది. మూడోసారి నేను బస్తాల వెనుక నుంచి వచ్చిన.

గబగబ దిగిండు. ‘వదినె’ అన్నడు.

‘అది పనికి రాదు. నిన్న నేను తీసేయించిన.’

‘మంచిగ చేసిండ్రు. బ్యాటరీ పడిపోతదని వస్తున్న, ఇంకేం లేదు.’

‘తెలుసు.’ నా చాబి ఇచ్చిన. ‘దీనితోని తిప్పు. గుట్టకు పోవాలె.’

తీసుకున్నడు. పాతది చేతిల పట్టుకోని నిలబడ్డడు. ‘ఇది అన్న ఇచ్చింది వదినె. ఉంచుకోనా?’

పనికిరాని దానికి నన్ను అడుగుడు ఏంది? ఉంచుకో అన్న.

సుస్మిత ముందు కూసున్నది, నేను వెనుక. కోరుట్ల దాటినం. జగిత్యాల దాటినంక మీ బిడ్డ అడిగింది, ‘బాబాయీ, మీరు మా ఇంటికి ఎందుకు వస్తలేరు?’ అని. ఆమెకు నేను చెప్పిందే తెలుసు, ఆయన నోట విందామనుకున్నది. బాలకిషన్ అద్దంల నన్ను చూసిండు. ‘పనులుంటయి కదా బిడ్డా’ అన్నడు.

కిటికి అద్దం ఎక్కించుమన్న, గాలి మోతకు మాట వినపడుతలేదని. ఎక్కించిండు. అప్పుడు చెప్పిన. మీకు చెప్పిందే, అట్లనే, వంటింటి నుంచి మొదలుపెట్టి. మల్యాల దాక పట్టింది. ఆయన బండి నడుపుకుంటనే విన్నడు. సుస్మిత వెనుకకు తిరిగి చూడలే.

గుట్ట మీద కొబ్బరికాయ ఆయననే తెచ్చి కొట్టిండు. కుళ్ళింది ఎల్లింది. ఎప్పటి నేనైతె ఆ ఒక్క సంగతి ఇంకో తొమ్మిదేండ్లు చెప్పుకుందును. ఇంకోటి తెమ్మన్న. తెచ్చిండు.